బొమ్మల గురించి మా డ్రాయింగ్ క్లాసులో తరచుగా అడిగే ప్రశ్నలు

అమలాపురంలో మా ఇంటి వరండాలో ఇరవై రెండేళ్లుగా పిల్లలకి డ్రాయింగ్ చెబుతున్నాను. పిల్లల్ని దింపడానికి వచ్చే అమ్మానాన్నలు, లోయర్, హయ్యర్ గ్రేడు పరీక్షలకి తయారయ్యేవాళ్లు, ఫోన్‌లో ఏదో బొమ్మ చూసి "ఇది ఎవరు వేశారండీ" అని పంపేవాళ్లు, అందరూ కొంచెం అటూ ఇటూగా ఇవే ప్రశ్నలు అడుగుతుంటారు. అందుకే జవాబులన్నీ ఒకచోట రాసి పెడుతున్నాను. వరుసగా చదవక్కర్లేదు, మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లిపోండి.

ప్ర: ఈ "ఇజం"లన్నీ గుర్తుపెట్టుకోవాలా మాస్టారూ?

పరీక్ష రాసేవాళ్లకి తప్పదు, మిగతావాళ్లకి అక్కర్లేదు. ఈ పేర్లలో చాలావరకు బొమ్మలు వేసినవాళ్లు పెట్టుకున్నవి కావు, వాళ్లని వెక్కిరించడానికి పక్కవాళ్లు పెట్టినవి. మోనే అనే ఫ్రెంచి చిత్రకారుడు వేసిన ఒక రేవు బొమ్మ పేరు పట్టుకుని 1874లో పారిస్ పత్రికలో ఒకాయన ఎగతాళిగా రాసిన మాటే ఇంప్రెషనిజం అయింది. 1905లో మతీస్, అతని స్నేహితులు పచ్చి రంగులు దట్టించిన బొమ్మలు ప్రదర్శనకి పెడితే లూయీ వోసెల్ అనే విమర్శకుడు "అడవి మృగాలు" అన్నాడు, ఫావిజం అనే పేరు అలా వచ్చింది. బ్రాక్ అనే చిత్రకారుడి బొమ్మల్లో అన్నీ ఘనాలే కనిపిస్తున్నాయని రాసింది కూడా ఆయనే, అది క్యూబిజం అయింది.

ఉద్యమం అంటే మనకి అందని పెద్ద సంగతి అనుకోకండి. ఒక ఊళ్లో, ఒకే కాలంలో, నలుగురు స్నేహితులకి అప్పటిదాకా అందరూ వేస్తున్న పద్ధతి మీద విసుగు పుట్టి, కళ్లెదురుగా ఉన్నదాన్ని మళ్లీ మొదటిసారి చూసినట్టు చూడడం మొదలుపెడతారు. అంతే. పారిస్‌లో జరిగింది అదే, మన రాజమండ్రిలో జరిగిందీ అదే.

ప్ర: రాజమండ్రిలోనా? మన గోదావరి జిల్లాల్లో అలాంటిది ఎప్పుడు జరిగిందండీ?

ఈ ప్రశ్న ఎవరైనా అడిగితే నాకు చాలా సంతోషం, అడగకపోతే నేనే చెప్పేస్తుంటాను. 1909 ప్రాంతంలో రాజమండ్రి ఆర్ట్స్ కాలేజీకి ఆస్వాల్డ్ కూల్డ్రే అనే ఇంగ్లీషాయన ప్రిన్సిపాల్‌గా వచ్చారు. ఆయన కవి, బొమ్మలు వేసేవాడు కూడా. గోదావరి గట్టు వెంట తిరుగుతూ, తన చుట్టూ చేరిన కుర్రాళ్లకి పాఠాలతో పాటు చూడడం కూడా నేర్పారు. వాళ్లలో ఒకడు 1897లో రాజమండ్రిలోనే పుట్టిన దామెర్ల రామారావు. ఇంకొకడు భీమవరం వైపు నుంచి వచ్చిన అడివి బాపిరాజు, ఆయన్ని చాలామంది రచయితగానే గుర్తుపెట్టుకున్నారు గానీ బొమ్మలూ వేశారు. వరద వెంకటరత్నం కూడా ఆ బృందంలోవారే.

రామారావుని కూల్డ్రే ప్రోత్సహించి బొంబాయి జె.జె. స్కూల్ ఆఫ్ ఆర్ట్‌కి పంపించారు. అక్కడ మనిషి ఒంటి కొలతలు, ఎముకలు, కండరాలు, వెలుగునీడలు అన్నీ యూరప్ పద్ధతిలో నేర్పేవారు. రామారావు ఆ చదువు పూర్తిగా వంటబట్టించుకున్నాడు, అజంతా గీతనీ అంతే ఇష్టంగా చూశాడు, తిరిగొచ్చి రాజమండ్రిలోనే బడి పెట్టాడు. మద్రాసులోనో కలకత్తాలోనో స్థిరపడిపోవచ్చు, స్థిరపడలేదు. ఆయన బొమ్మల్లో ఆడవాళ్లని చూడండి, నిలబడ్డ తీరు, చీరకట్టు, జడలో పూలు పెట్టుకునేటప్పుడు మెడ వంచడం, అంతా మన గోదావరి ఒడ్డు మనుషులే. "పుష్పాలంకరణ", "నందిపూజ", "సిద్ధార్థ రాగోదయం" పేర్లు గుర్తుపెట్టుకోండి.

1925 ఫిబ్రవరిలో మశూచి సోకి చనిపోయారు. అప్పటికి 28 ఏళ్లు నిండలేదు. ఆ తర్వాత బడి నడిపిందీ, బొమ్మలు చెదిరిపోకుండా కాపాడిందీ వరద వెంకటరత్నం, రామారావు గారి ఇంటివాళ్లు. ఇవాళ రాజమండ్రిలో ఆయన పేరున గ్యాలరీ ఉందంటే వాళ్ల పుణ్యమే. అమలాపురం నుంచి బస్సెక్కితే ఒక పూటలో చూసి రావచ్చు. పుష్కరాలకి రాజమండ్రి వెళ్లినవాళ్లు లక్షలమంది ఉంటారు, ఈ గ్యాలరీ మెట్లెక్కినవాళ్లు ఎంతమంది ఉన్నారో మీ ఇంట్లోనే అడిగి చూడండి.

ప్ర: మా పూజగదిలో ఉన్న లక్ష్మీదేవి పటం రవివర్మదేనా? ఆయన గొప్పవాడా కాదా, ఒక్కో పుస్తకంలో ఒక్కోలా ఉంది.

నిలబడి ఉన్న లక్ష్మి, పక్కన ఏనుగు, చేతిలో తామరలు, అలాంటి పటం అయితే మూలం చాలావరకు ఆయనదే. రాజా రవివర్మ (1848–1906) తిరువాన్కూరు వాడు. నూనె రంగుల పద్ధతి నేర్చుకుని, మన పురాణాల మనుషుల్ని ఎదురుగా కూర్చున్నట్టే వేశాడు. 1894లో బొంబాయిలో అచ్చు ప్రెస్సు పెట్టడంతో అంతకుముందు గుడికో, కోటకో వెళ్తే తప్ప కనపడని బొమ్మ పేదవాడి గోడ మీదికి వచ్చింది. ఇది చిన్న సంగతి కాదు.

ఆయన్ని తప్పుపట్టినవాళ్లు బెంగాల్ వాళ్లు. కలకత్తాలో ఆర్ట్ స్కూలు నడిపిన హావెల్, ఆయనతో కలిసి పనిచేసిన అవనీంద్రనాథ్ ఠాగూర్ (1871–1951), "ఇది మన చూపు కాదు, ఇంగ్లీషు చూపుకి చీర కట్టారు" అన్న ధోరణిలో విమర్శించారు. స్వదేశీ ఉద్యమం రోజులవి. అవనీంద్రనాథ్ "భారతమాత" వేసింది 1905లో. నా మటుకు నాకు ఇద్దరూ కావాలి. అయితే రవివర్మ బొమ్మలో నగ మీద, పట్టు అంచు మీద పెట్టిన శ్రద్ధ ఒక్కోసారి ముఖం మీద పెట్టలేదేమో అనిపిస్తుంది, దమయంతైనా శకుంతలైనా ఒకే ఇంటి ఆడపడుచుల్లా ఉంటారు.

ప్ర: వాష్ పెయింటింగ్ అంటే ఏంటి? మామూలు వాటర్ కలర్ కాదా?

వాటర్ కలరే, పద్ధతి వేరు. 1903లో జపాన్ నుంచి యొకొయామా తైకాన్, హిషిదా షున్‌సో అనే చిత్రకారులు కలకత్తా వచ్చారు. వాళ్ల దగ్గర చూసినదాన్ని అవనీంద్రనాథ్ తనకి తగ్గట్టు మార్చుకున్నాడు. పలచగా రంగు వేసి, ఆరనిచ్చి, మొత్తం కాగితాన్ని నీళ్లలో ముంచుతారు. పైపై రంగు పోయి, కాగితం పీల్చుకున్నది మిగులుతుంది. మళ్లీ రంగు, మళ్లీ నీళ్లు. ఇలా చాలాసార్లు చేస్తే బొమ్మంతా పొగమంచులో ఉన్నట్టు తయారవుతుంది. ఈ పద్ధతి ప్రమోద్ కుమార్ చటర్జీ ద్వారా మచిలీపట్నం ఆంధ్ర జాతీయ కళాశాలకి వచ్చింది, బాపిరాజు గారు అక్కడే నేర్చుకున్నారు.

మన ప్రాంతంలో ప్రయత్నించేవాళ్లకి ఒక మాట. శ్రావణ భాద్రపదాల్లో మొదలుపెట్టకండి, గాలిలో తడికి కాగితం రెండు రోజులైనా ఆరదు, బూజు పడుతుంది. సంక్రాంతి తర్వాత మొదలుపెట్టండి. మామూలు డ్రాయింగ్ షీటు రెండోసారి ముంచేసరికే నలిగిపోతుంది, మందపాటి చేతి కాగితమే కావాలి.

ప్ర: మోనాలిసాలో అంత ఏముందండీ?

అడగడానికి మొహమాటపడే ప్రశ్న ఇది, పడకండి. బొమ్మ చిన్నది, సుమారు 77 సెంటీమీటర్ల పొడవు, 53 వెడల్పు, కాన్వాస్ మీద కాదు, చెక్క పలక మీద వేసింది. లియొనార్డో (1452–1519) పెదవి చివర, కంటి చివర గీతే గీయలేదు, పొరల మీద పొరలుగా పలచటి రంగు వేసి వెలుగుని నీడలోకి కలిపేశాడు. మనిషి నవ్వుతోందో లేదో మనం ఆ రెండు చోట్ల చూసే తెలుసుకుంటాం. ఆ రెండు చోట్లా తేల్చకుండా వదిలేశాడు కాబట్టి చూసిన ప్రతిసారీ మళ్లీ అనుమానం వస్తుంది. పనితనం అది.

ఇంత పేరు రావడానికి మాత్రం దొంగతనం కూడా కారణం. 1911 ఆగస్టులో విన్సెంజో పెరూజ్జా అనే ఇటలీవాడు దాన్ని లూవ్ర్ మ్యూజియం నుంచి ఎత్తుకెళ్లాడు, రెండేళ్లకి పైగా దొరకలేదు. ప్రపంచంలో ప్రతి పత్రికా ఆ బొమ్మ అచ్చు వేసింది. ఖాళీ గోడ చూడడానికి కూడా జనం వెళ్లారు.

ప్ర: ఫ్రెస్కో అంటే గోడ మీద పెయింటింగేనా? అజంతా కూడా ఫ్రెస్కోనా?

గోడ మీద వేసిందల్లా ఫ్రెస్కో కాదు. సున్నం పనిచేసే తాపీ మేస్త్రిని అడిగితే మీకు నాకన్నా బాగా చెబుతాడు. సున్నపు గచ్చు తడిగా ఉండగానే నీళ్లలో కలిపిన రంగు పూయాలి. సున్నం ఆరుతూ గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ని పీల్చుకుని మళ్లీ రాయిలా గట్టిపడుతుంది, రంగు ఆ రాయిలో ఇరుక్కుపోతుంది. కాబట్టి ఏ రోజు ఎంత వేయగలరో అంతే గచ్చు పూసుకోవాలి, తప్పు చేస్తే చెక్కేసి మళ్లీ పూయాలి. మైకెలాంజెలో సిస్టీన్ చాపెల్ కప్పు 1508 నుంచి 1512 దాకా ఇలాగే వేశాడు. వెల్లకిలా పడుకుని వేశాడని అందరూ అంటారు, నిజం కాదు, పరంజా మీద నిలబడి మెడ వెనక్కి వంచి వేశాడు.

అజంతాలో రాతి మీద మట్టి, ఊక లాంటివి కలిపిన పూత వేసి, పైన పలచగా సున్నం రాసి, అది ఆరాక జిగురు కలిపిన రంగులతో వేశారు. అందుకే మాటవరసకి ఫ్రెస్కో అన్నా, పద్ధతి ప్రకారం అది కాదు. పరీక్షలో ఇది అడుగుతారు, గుర్తుంచుకోండి.

ప్ర: యూరప్ పెయింటింగ్‌కీ మన ఊళ్లకీ ఏమైనా సంబంధం ఉందా?

పాలకొల్లు, నరసాపురం, ద్రాక్షారామంలో ఒకప్పుడు డచ్చివాళ్ల వర్తక స్థావరాలు ఉండేవి. పదిహేడో శతాబ్దంలో మన నేతగాళ్ల బట్టలు, నీలిమందు ఈ తీరం నుంచి ఓడలెక్కి హాలండ్ వెళ్లేవి. ఇలాంటి వ్యాపారాలు తెచ్చిన డబ్బుతో ఆమ్‌స్టర్‌డాంలో వర్తకులు తమ బొమ్మలు వేయించుకున్నారు, ఇళ్లలో గోడలకి చిత్రాలు కొన్నారు. చర్చీ, రాజూ కాకుండా మామూలు గృహస్థు బొమ్మలు కొనడం అంత ఎత్తున జరిగింది అక్కడే. రెంబ్రాంట్ (1606–1669), వెర్మీర్ లాంటి చిత్రకారులు బతికింది ఆ బజారులోనే.

ఇంకో సంగతి. తూర్పుదేశాల ఓడల్లో మొఘల్ చిత్రాలు కూడా ఆమ్‌స్టర్‌డాం చేరాయి. రెంబ్రాంట్ వాటిని చూసి ముచ్చటపడి, 1650ల చివర్లో ఇరవైకి పైగా నకళ్లు గీసుకున్నాడు. షాజహాన్ తలపాగా, చెట్టు కింద కూర్చున్న సూఫీలు, అన్నీ ఆసియా కాగితం మీద, సన్నటి కలంతో. అప్పటికే యాభై దాటిన పెద్ద చిత్రకారుడు ఇంకొకరి బొమ్మ ముందు పెట్టుకుని స్కూలు పిల్లాడిలా గీసుకోవడం తలుచుకుంటే నాకు ఒళ్లు పులకరిస్తుంది. కాపీ కొట్టడం తప్పా అని అడిగే పిల్లలకి నేను చెప్పే జవాబు కూడా ఇదే. నేర్చుకోవడానికి కొట్టండి, కింద మీ సంతకం మాత్రం పెట్టకండి.

ప్ర: పాత బొమ్మల్లో నీలం రంగు అంత ఖరీదు ఎందుకు?

మంచి నీలం రాయి ఒక్కచోటే దొరికేది, ఆఫ్ఘనిస్తాన్ కొండల్లో. ఆ రాయిని దంచి, శుద్ధి చేసి తీసే అల్ట్రామెరైన్‌ని ఇటలీలో బంగారంతో సమానంగా చూసేవారు, అందుకే మేరీమాత అంగీకి దాచి పెట్టేవారు. వెర్మీర్ మాత్రం చేయి ఆపుకోలేదు, మామూలు నీడల్లో కూడా అదే వాడాడు. 1675లో అప్పులతో పోయాడు. 1700 తర్వాత కొద్ది ఏళ్లకి బెర్లిన్‌లో ఇంకేదో రంగు తయారుచేయబోతే ప్రష్యన్ బ్లూ పుట్టింది, చవకది. అది జపాన్ దాకా వెళ్లి, 1831 ప్రాంతంలో హొకుసాయ్ చెక్క అచ్చుతో వేసిన పెద్ద కెరటం బొమ్మకి ఆ నీలం ఇచ్చింది. మీ పెట్టెలో ఉన్న ప్రష్యన్ బ్లూ ట్యూబు వెనక ఇంత కథ ఉంది.

ప్ర: ఇంప్రెషనిస్టులు ఏం కొత్తగా చేశారు? బొమ్మలన్నీ మసకగా ఉంటాయి కదా.

దగ్గరగా చూస్తున్నారు కాబట్టి అలా ఉంటాయి. ఫోన్‌లో అయితే వేళ్లతో పెద్దది చేసి మరీ చూస్తాం. నాలుగడుగులు వెనక్కి జరిగి చూడాల్సిన బొమ్మలవి.

ముందు పనిముట్టు గురించి చెప్పాలి. అంతకుముందు రంగులు నూరుకుని పంది మూత్రాశయపు సంచుల్లో కట్టి పెట్టుకునేవారు, బయటికి మోసుకెళ్లడం కష్టం. 1841లో జాన్ రాండ్ అనే అమెరికన్ చిత్రకారుడు తగరపు ట్యూబు కనిపెట్టాడు. మూత తీసి పిండితే రంగు వస్తుంది, మూత పెట్టేస్తే ఎండదు. దాంతో కుర్రాళ్లు స్టూడియో వదిలి ఏటి ఒడ్డుకి వెళ్లగలిగారు. వెళ్లాక తెలిసింది, స్టూడియోలో నేర్పిన రంగులు బయట లేవని. నీడ నల్లగా ఉండదు. చెట్టు ఆకుపచ్చగా ఉండదు, పొద్దున ఒకలా, మధ్యాహ్నం ఇంకోలా ఉంటుంది. ప్రభుత్వ ప్రదర్శనలో వీళ్ల బొమ్మలు మాటిమాటికీ తిరగ్గొట్టడంతో 1874 ఏప్రిల్‌లో నాడార్ అనే ఫొటోగ్రాఫర్ ఖాళీ చేసిన గదుల్లో సొంతంగా ప్రదర్శన పెట్టుకున్నారు. మోనే, రెన్వార్, దెగా, పిస్సారో, సెజాన్, బెర్త్ మొరిసో, అందరూ ఉన్నారు.

మోనే తర్వాత రోజుల్లో ఒకే వస్తువుని పట్టుకున్నాడు. రువాన్ చర్చి ముఖాన్ని ఎదురింటి గదుల్లోంచి ముప్పైకి పైగా కాన్వాసుల మీద వేశాడు. పక్కపక్కన కొన్ని కాన్వాసులు పెట్టుకుని, వెలుగు మారగానే ఇంకోదాని మీదికి వెళ్లేవాడు. చర్చి వేయడం కాదు ఆయన పని, చర్చి మీద పడే ఎండని వేయడం.

మా క్లాసులో దీన్ని బోర్డు మీద చెప్పను. మార్గశిరంలో ఒక ఆదివారం పొద్దున్నే పిల్లల్ని కాలువ గట్టుకి తీసుకెళ్తాను. ఆరింటికి పొగమంచులో అవతలి గట్టు కొబ్బరిచెట్లు బూడిద నీలంగా, కాండాలు లేకుండా తలలు మాత్రమే తేలుతుంటాయి. ఏడున్నరకి మంచు విడిపోయి, ఎండ తగిలిన వైపు నారింజ రంగు, తగలని వైపు ఊదా రంగు. పదింటికి అన్నీ మామూలు పచ్చ. మూడు కాగితాల మీద అదే చోటు, అదే చెట్లు వేయిస్తాను, నలుపు ట్యూబు ఇంటి దగ్గరే వదిలి రమ్మంటాను. మొదటిసారి నీడలో ఊదా రంగు కనపడ్డప్పుడు పిల్లలు వేసే కేక విని తీరాలి. ఇంప్రెషనిజం అప్పటికి అర్థమైపోయినట్టే, ఆ పేరు తర్వాత చెప్పినా పర్వాలేదు.

ప్ర: వాన్ గో చెవి కోసుకున్నాడంట కదా? పిచ్చివాడా?

చెవి కోసుకున్న మాట నిజం, 1888 డిసెంబరులో, ఫ్రాన్స్‌లో ఆర్ల్ అనే ఊళ్లో. అది జబ్బు. ఆ జబ్బుకి చాలా బాధపడ్డాడు. పిచ్చి వల్ల గొప్ప బొమ్మలు వచ్చాయని పిల్లలకి చెప్పకండి, దయచేసి. జబ్బు తిరగబెట్టిన రోజుల్లో ఆయన కుంచె పట్టుకోలేకపోయేవాడు. తెరిపిన పడ్డ రోజుల్లో పనిచేశాడు. 27వ ఏట మొదలుపెట్టి, 37వ ఏట చనిపోయేలోగా సుమారు 860 నూనె చిత్రాలు వేశాడు. తమ్ముడు తియోకి రాసిన ఉత్తరాలు 650కి పైగా ఉన్నాయి, వాటిలో ఏ రంగు పక్కన ఏ రంగు ఎందుకు పెట్టాలో లెక్క రాసినంత జాగ్రత్తగా రాశాడు. పసుపు పక్కన ఊదా, నీలం పక్కన నారింజ, ఏదీ గాల్లో వేసినది కాదు.

అన్న పోయిన ఆరు నెలలకే తమ్ముడూ పోయాడు. తియో భార్య యొహానా, చంకలో పసివాడితో, ఎవరూ కొనని వందల బొమ్మలతో మిగిలింది. పారేయమని సలహా ఇచ్చినవాళ్లు ఉన్నారు. ఆవిడ పారేయలేదు. ప్రదర్శనలకి పంపింది, కొన్ని అమ్మింది, కొన్ని అట్టేపెట్టింది, 1914లో ఉత్తరాలు అచ్చు వేయించింది. ఇవాళ మనకి వాన్ గో ఉన్నాడంటే ఆవిడ వల్లే. రామారావు గారి బొమ్మల సంగతి పైన చెప్పాను కదా, అక్కడా ఇలాగే ఇంటివాళ్లూ స్నేహితులూ పూనుకున్నారు.

ప్ర: పికాసోకి సరిగ్గా గీయడం రాదా?

పదిహేనేళ్లకే ఆయన వేసిన బొమ్మలు చూస్తే ఈ ప్రశ్న అడగరు. వాళ్ల నాన్న డ్రాయింగ్ మాస్టారు. అన్నీ వచ్చాక, ఒకే వైపు నుంచి చూసినట్టు ఎందుకు వేయాలి అని అడిగాడు. కుండని మీరు ఎదురుగా చూస్తారు, పైనుంచి మూతి చూస్తారు, చేత్తో తడిమి వెనకవైపు కూడా తెలుసుకుంటారు. తెలిసినదంతా ఒకే కాగితం మీద పెడితే అది క్యూబిజం.

1937 ఏప్రిల్ 26న స్పెయిన్‌లో గెర్నికా అనే ఊరి మీద జర్మన్, ఇటలీ విమానాలు బాంబులు వేశాయి. పికాసో కొన్ని వారాల్లోనే దాదాపు ఏడు ముప్పావు మీటర్ల వెడల్పు, మూడున్నర మీటర్ల ఎత్తు బొమ్మ వేశాడు, అంతా నలుపు, తెలుపు, బూడిద రంగు. చచ్చిన బిడ్డని ఎత్తుకుని పైకి చూసి అరిచే తల్లి ముఖం అందులో ఎడమవైపు ఉంటుంది. కళ్లూ ముక్కూ ఉండాల్సిన చోట లేవు. సరిగ్గా గీసి ఉంటే ఆ ఏడుపు వినపడేది కాదని నా నమ్మకం.

ప్ర: మోడర్న్ ఆర్ట్ చూస్తే మా బుడ్డోడూ వేస్తాడనిపిస్తుంది. ఇందులో ఏముందండీ?

కొన్నిటి గురించి నాకూ అలాగే అనిపించింది, ఒకప్పుడు. నా అభిప్రాయం మార్చినవాడు మోండ్రియాన్. ఆయన గళ్ల బొమ్మలు, అదే నల్ల గీతలూ ఎరుపు పసుపు నీలం డబ్బాలూ, టీ కప్పుల మీద కూడా వస్తుంటాయి. వాటికన్నా ముందు 1908 నుంచి 1912 దాకా ఆయన వేసిన చెట్ల బొమ్మలు వరుసగా చూడండి. మొదటిది కొమ్మలూ రెమ్మలూ ఉన్న ఎర్రటి చెట్టు. తర్వాతది బూడిద రంగు, కొమ్మలు వంపులయ్యాయి. ఆ తర్వాత పూసిన ఆపిల్ చెట్టు, చెట్టు పోయి వంపులే మిగిలాయి. అలా తీసేసుకుంటూ వెళ్తే చివరికి నిలువు, అడ్డం గీతలు. బుడ్డోడు చివరి బొమ్మ వేయగలడు, ఆ దారి నడవలేదు. అంతమాత్రాన అన్నీ నచ్చాలని లేదు, గ్యాలరీ గోడకి వేలాడేదంతా గొప్పదని నేనూ అనను.

ప్ర: ముగ్గు, లేసు, ఇవి కళ కిందకి వస్తాయా, చేతిపని కిందకా?

ఈ గీత ఎవరు గీశారో ముందు చూడాలి. బొమ్మ వేసేవాడు వేరు, కంసాలి, వడ్రంగి, సాలె వేరు అని యూరప్‌లో గట్టిగా విడదీసింది పునరుజ్జీవన కాలం తర్వాతే. మన దగ్గర శిల్పి అనే మాట అన్నిటికీ ఉంది. ఆ విడదీతని అక్కడివాళ్లే తప్పుపట్టారు, ఇంగ్లండులో విలియం మోరిస్ (1834–1896), తర్వాత జర్మనీలో 1919లో మొదలైన బౌహౌస్ బడి. బౌహౌస్‌లో కూడా ఆడపిల్లలు వస్తే నేత విభాగానికి పంపించేవారు. అలా వెళ్లిన ఆనీ ఆల్బర్స్ మగ్గం మీదే ఎంత పనిచేసిందంటే, 1949లో న్యూయార్క్ మోడర్న్ ఆర్ట్ మ్యూజియం ఆవిడ ఒక్కరి నేతలతో ప్రదర్శన పెట్టింది.

నరసాపురం చుట్టుపక్కల ఊళ్లలో మధ్యాహ్నం వంటలయ్యాక అరుగుల మీద కూర్చుని సూదితో లేసు అల్లే ఆడవాళ్లని చూసే ఉంటారు. పంతొమ్మిదో శతాబ్దంలో మిషనరీలు నేర్పిన పని అది, 2024లో జీఐ గుర్తింపు (ఫలానా ప్రాంతపు ప్రత్యేక సరుకు అని ఇచ్చేది) వచ్చింది. కాగితం మీద నమూనా లేకుండా, మాట్లాడుకుంటూ, ఎన్ని కుట్లయ్యాయో వేళ్లకే తెలుస్తున్నట్టు అల్లుకుంటూ పోతారు. మా అమ్మ చుక్కల ముగ్గు వేసేటప్పుడు ఇరవై ఒక్క చుక్క ఎక్కడ మొదలుపెడితే వాకిలి మధ్యలోకి వస్తుందో చూడగానే తెలిసేది. నేను కళ అనే అంటాను. అయితే పేరు పెట్టడంతో సరిపోదు, ముక్కకింత అని వాళ్ల చేతికి వచ్చే కూలి చూస్తే బాధేస్తుంది.

ప్ర: బాపు గారి గీత అంత అందంగా ఎలా వస్తుంది? ఎక్కడివారు?

1933లో నరసాపురంలో పుట్టారు, మన వారే. ఆ గీత ఒక్క వేగంతో పోదు. నడుము దగ్గర సన్నబడి, జడ మలుపు దగ్గర లావెక్కి, మళ్లీ తేలిపోతుంది. నీడ పూయకుండానే ఒంటి గుండ్రదనం తెలుస్తుంది. అజంతాలోనూ, జపాన్ అచ్చుల్లోనూ ఉన్న గుణమిది. ఇంకోటి, ఆయన ఎక్కడ గీత ఆపేశారో చూడండి, మిగతాది మన కళ్లే పూర్తిచేసుకుంటాయి.

ప్ర: పాత శిల్పం చూడాలంటే హంపీ, అమరావతి వెళ్లాల్సిందేనా?

వెళ్లండి, కానీ ముందు ఆత్రేయపురం దగ్గర ర్యాలి వెళ్లండి. జగన్మోహినీ కేశవస్వామి విగ్రహం ముందు నుంచి విష్ణువు, వెనక్కి వెళ్తే మోహిని, రెండూ ఒకే రాయి. వెనక కొప్పు, వీపు, నడుము అన్నీ చెక్కారు. శిల్పం చుట్టూ తిరిగి చూసేలా చేయడం గురించి చెప్పేటప్పుడు 1583లో ఫ్లారెన్స్‌లో జాంబొలోన్యా చెక్కిన ముగ్గురి విగ్రహాన్ని ఉదాహరణగా పుస్తకాల్లో ఇస్తారు. ర్యాలి మనకి పక్కనే ఉంది. అటునుంచి బిక్కవోలు వెళ్తే తూర్పు చాళుక్యుల నాటి గుళ్లు, పొలాల మధ్యలో, జనం లేకుండా దొరుకుతాయి.

ప్ర: పాఠాల్లో అందరూ మగవాళ్లే ఉన్నారు. ఆడవాళ్లు వేయలేదా?

వేశారు, వేయనివ్వలేదు, వేసినవి రాయలేదు, మూడూ నిజమే. యూరప్‌లో ఆడపిల్లల్ని మనిషి మోడల్ ఉన్న క్లాసులోకి చాలాకాలం రానివ్వలేదు. అది నేర్వకుండా పెద్ద కథా చిత్రాలు వేయడం కుదరదు. అయినా ఆర్టెమీసియా జెంటిలెస్కీ తండ్రి దగ్గరే నేర్చుకుని, 1616లో ఫ్లారెన్స్ అకాడమీలో చేరిన మొదటి స్త్రీ అయింది. మన దేశంలో అమృతా షేర్‌గిల్ పారిస్‌లో చదివి తిరిగొచ్చి, అజంతా, దక్షిణాది చూశాక 1937లో వేసిన బొమ్మల్లో మన ఎండా, మన ఒంటి రంగూ మొదటిసారి నూనె రంగుల్లో నిజంగా కనపడ్డాయని నాకనిపిస్తుంది. 1941లో పోయింది, 28 ఏళ్లకే. రాజమండ్రిలో రామారావు గారి భార్య సత్యవాణి, చెల్లెలు బుద్ధసుందరి కూడా బొమ్మలు వేసినవారే. గ్యాలరీకి వెళ్తే వాళ్ల పేర్లు కూడా వెతకండి.

ప్ర: మా అబ్బాయి ఫైన్ ఆర్ట్స్ చదువుతానంటున్నాడు. టెన్షన్‌గా ఉంది మాస్టారూ.

అర్థం చేసుకోగలను. నేను ఒకప్పుడు పనిచేసిన స్కూల్లో పదో తరగతి రాగానే డ్రాయింగ్ పీరియడ్ లెక్కలకి ఇచ్చేశారు, ఎవరూ అడగలేదు. అలాంటి చోట పెరిగిన పిల్లాడికి ఇంకా గీయాలని ఉందంటే ఆ కోరిక గట్టిదే. విశాఖలో ఆంధ్రా యూనివర్సిటీలో, హైదరాబాద్‌లో జె.ఎన్.ఎ.ఎఫ్.ఎ.యూ. (జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ)లో కోర్సులున్నాయి, దూరం పంపగలిగితే శాంతినికేతన్, బరోడా. యానిమేషన్, డిజైన్, టెక్స్‌టైల్స్, టీచరు ఉద్యోగం, దారులు ఉన్నాయి, అన్నీ తేలిక కాదు. ఒక పరీక్ష పెట్టండి. ఎవరూ చెప్పకుండా, మార్కులు లేకుండా, ఆరు నెలలు రోజూ ఒక స్కెచ్ వేస్తాడేమో చూడండి. వేస్తే పంపించండి.

ప్ర: మా తాతగారు వేసిన బొమ్మలు పెట్టెలో ఉన్నాయి. ఎలా దాచాలి?

1996 నవంబరు తుపానుకి మా పెంకుటింటి కప్పు లేచిపోయింది. మా నాన్నగారు కుర్రతనంలో వేసిన స్కెచ్‌బుక్కులు రేకుపెట్టెలో కింద ఉండేవి. నీళ్లు తగ్గాక తెరిస్తే కాగితాలన్నీ ఒకటే ముద్ద. ఒక్క బొమ్మే విడివిడిగా వచ్చింది, రేవులో కట్టేసిన పడవ. అది ఇప్పటికీ నా దగ్గరుంది. అందుకే ఈ ప్రశ్నకి కొంచెం ఎక్కువే చెబుతాను.

ముందు ఇవాళే ఫొటోలు తీయండి, పగటి వెలుతురులో, ఫ్లాష్ లేకుండా, రెండు చోట్ల దాచండి. లామినేషన్ చేయించకండి, వేడికి రంగు పాడవుతుంది, తర్వాత ఊడదీయడం కుదరదు. సెల్లోటేపు వేయకండి, పసుపు మచ్చ పడి అలాగే ఉండిపోతుంది. చుట్ట చుట్టకుండా పరిచి, మధ్యమధ్యలో శుభ్రమైన తెల్ల కాగితం పెట్టండి, న్యూస్‌పేపర్ వద్దు. నేల మీద కాకుండా ఎత్తులో, వాన తగిలే బయటి గోడకి దూరంగా పెట్టండి. ఫ్రేము కట్టించేటప్పుడు అద్దం నేరుగా బొమ్మకి అంటుకోకుండా మధ్యలో అట్ట మౌంటు పెట్టమని గట్టిగా చెప్పండి, మన తేమకి అద్దానికి అంటుకున్న రంగు మళ్లీ ఊడదు. వానాకాలం వెళ్లాక ఒకసారి తీసి నీడలో గాలికి ఆరబెట్టి, చిమ్మెటలు పట్టాయేమో చూడండి.

ఒక్కో బొమ్మ వెనక మూలగా, ఎవరు వేశారు, ఏ ఊళ్లో, ఏ సంవత్సరం, బొమ్మలో ఉన్నది ఎవరు, ఇంట్లో పెద్దవాళ్లని అడిగి రాసి పెట్టండి. మెత్తటి పెన్సిల్‌తోనే రాయండి. బాల్‌పెన్ ఇంకు కొన్నేళ్లకి ముందువైపుకి ఊరుతుంది.